రచయిత వదిలేసిన యాడ్‌ఆన్‌ని నిలబెట్టడం: నా అనుభవం

ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌కి, అంటే తెరమీదున్నది చదివి వినిపించే ప్రోగ్రాంకి, తగిలించుకుని రోజూ వాడే చిన్న యాడ్‌ఆన్ ఒకటి ఆగిపోయే పరిస్థితి వచ్చి, రాసినాయన జాడ తెలియక, "పోనీ నేనే చూసుకుంటే ఏం?" అనిపించినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకలా అనిపించింది 2023 నవంబరులో. ఇది రాస్తున్నది 2024 జూన్‌లో. మధ్యలో ఏం జరిగిందో, ఎక్కడెక్కడ ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చిందో, చేతి డబ్బులు ఎంత పోయాయో వరసగా చెబుతాను. యాడ్‌ఆన్ పేరు మాత్రం చెప్పను. పాత రచయిత తన పేరు మళ్లీ నలుగురి నోళ్లలో పడడం ఇష్టం లేదన్నాడు. యాడ్‌ఆన్ పేరు చెబితే ఆయన పేరు చెప్పినట్టే.

నేను పుట్టినప్పటి నుంచీ చూపు లేనిదాన్ని. హైదరాబాదులో ఒక కంపెనీలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడు రాస్తాను. పైథాన్‌లో ఏ లైను దేని కిందికి వస్తుందో ఎడమవైపు వదిలిన ఖాళీయే చెబుతుంది. చూపున్నవాళ్లకు అది మెట్లలా కనబడుతుందట. మాకు ఎన్‌వీడీఏ చెప్పాలి. ఆ సదుపాయం దానిలోనే ఉంది. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్, డి కలిపి కొడితే డాక్యుమెంట్ ఫార్మాటింగ్ సెట్టింగ్స్ తెరుచుకుంటాయి, అక్కడ లైన్ ఇండెంటేషన్‌ని, అంటే ఆ ఖాళీని, మాటల్లో చెప్పమనొచ్చు, టోన్లలో చెప్పమనొచ్చు, రెండూ కావాలనొచ్చు. టోన్లు పెట్టుకుంటే లోపలికి వెళ్లేకొద్దీ బీప్ స్థాయి పెరుగుతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ బీపుల మీదే బతుకుతున్నాను.

అయితే వందల లైన్ల ఫైల్లో ఒక ఫర్ లూప్ (మళ్లీ మళ్లీ నడిచే భాగం) ఎక్కడ అయిపోయిందో తెలియాలంటే బీపులు వింటూ ఒక్కో లైనూ దిగాల్సిందే. ఈ యాడ్‌ఆన్ ఉంటే ఆ బాధ లేదు. ఆల్ట్ పట్టుకుని డౌన్ యారో కొడితే అదే ఇండెంటేషన్‌లో ఉన్న తర్వాతి లైనుకి వెళ్లిపోతుంది. ఆల్ట్‌తో లెఫ్ట్ యారో కొడితే ఆ బ్లాకు మొదలైన లైనుకి తీసుకెళ్తుంది. ఇంతే పని. ఈ ఇంత పనికి అలవాటు పడ్డాక అది లేకుండా కోడు చదవడం నా వల్ల కాదు.

నవంబరులో ఒక ఆదివారం, రాబోయే 2024.1 ఎలా ఉంటుందో చూద్దామని ఎన్‌వీడీఏ ఆల్ఫాని (ఇంకా తయారీలో ఉన్న వెర్షన్‌ని) పోర్టబుల్ కాపీగా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా విడిగా నడిచేలా, దించుకున్నాను. పాత సెట్టింగులు, యాడ్‌ఆన్లు అందులోకి తెచ్చుకుంటే మొదలవుతూనే "ఈ యాడ్‌ఆన్లు ఈ వెర్షన్‌కి సరిపడవు, ఆపేస్తున్నాం" అని జాబితా చదివింది. జాబితా పొడుగ్గా ఉంది, సగంలో ఎంటర్ కొట్టేశాను. నేను కోడు రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్ తెరిచి అలవాటుగా ఆల్ట్, డౌన్ యారో కొట్టాను. ఒక లైను చదివింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే లైను. ఇంకా కొట్టాను. కాసేపటికి అర్థమైంది. యాడ్‌ఆన్ లేకపోతే ఆ కీలు నేరుగా వీఎస్ కోడ్‌కి పోతాయి, అక్కడ వాటి అర్థం "ఈ లైనుని ఒకటి కిందికి జరుపు" అని. నా రిటర్న్ లైను ఫంక్షన్ దాటుకుని పక్క ఫంక్షన్లోకి ప్రయాణం చేస్తోంది. నేనేమో ఎక్కడికో చేరుకుంటున్నాననుకుంటున్నాను.

నాకు సరే, కోడు పాత రూపాలు దాచిపెట్టే గిట్ ఉంది, వెనక్కి తెచ్చుకున్నాను. అప్పుడే నేర్చుకుంటున్న పిల్లల సంగతేంటి? కంప్యూటర్ ఏ తప్పూ చెప్పదు, కోడు మాత్రం చెదిరిపోతుంది. అసలు కదిలించింది ఇదే.

యాడ్‌ఆన్లు ఎందుకు ఆగిపోతాయో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. ఎన్‌వీడీఏలో ఇప్పటి పద్ధతి ప్రకారం ప్రతి ఏడాదీ మొదటి వెర్షన్, అంటే 2022.1, 2023.1 లాంటివి, యాడ్‌ఆన్లు ఆధారపడే లోపలి ఏర్పాట్లను మార్చడానికి వీలున్న వెర్షన్లు. ఆ ఏడాది మిగతావి మార్చవు. 2022.1లో బటన్లు, చెక్‌బాక్సుల పేర్లు రాసే పద్ధతి మారినప్పుడు ఎన్నో చిన్న యాడ్‌ఆన్లు మూలపడ్డాయి. 2024.1ది ఇంకా పెద్ద మార్పు: పైథాన్ 3.7 నుంచి 3.11కి వెళ్లడం. 2019.3లో పైథాన్ 2 వదిలి 3కి వచ్చినప్పటి గోల గుర్తున్నవాళ్లకి ఇది చిన్నదే. ఇలా ఏటా విరగ్గొడతారేంటని విసుక్కునేవాళ్లు చాలామంది. నేను వాళ్లతో ఏకీభవించను. ఎప్పుడు విరుగుతుందో ముందే తెలుసు కాబట్టి సర్దుకోవచ్చు. అకస్మాత్తుగా ఏ మంగళవారమో విరిగితే ఏం చేస్తాం?

యాడ్‌ఆన్ లైసెన్సు జీపీఎల్ రెండో వెర్షన్. అంటే ఎవరినీ అడక్కుండానే కోడు తీసుకుని, మార్చి, కొత్త పేరుతో విడుదల చేసుకోవచ్చు. చాలామంది "ఫోర్క్ చేసెయ్, ఇంకెందుకు ఆలస్యం" అన్నారు. కానీ 2023.2 నుంచి ఎన్‌వీడీఏలోనే యాడ్‌ఆన్ స్టోర్ ఉంది, అప్‌డేట్లు పాత పేరు మీదే వస్తాయి. నేను కొత్త పేరు పెడితే, పాతది పెట్టుకున్నవాళ్లకి అది ఆగిపోయి ఉంటుందే తప్ప నాది వచ్చినట్టు తెలియదు. వాళ్ల లైన్లు కిందికి జరుగుతూనే ఉంటాయి. అందుకని పాతాయన ఒప్పుకోలు కావాలి.

నవంబరు చివర్లో మెయిల్ రాశాను. జవాబు లేదు. డిసెంబరు మొదట్లో గిట్‌హబ్‌లో (కోడు పెట్టుకుని పంచుకునే సైటు) ఆయన ఇంకో పాత ప్రాజెక్టులో మరో చిరునామా కనిపిస్తే దానికి రాశాను. ఇలాంటి మెయిల్‌లో ఏం రాయాలో నాకూ తెలియదు, మీకు పనికొస్తుందేమోనని చెబుతున్నాను: ఆయన ఎందుకు మానేశాడని అడగలేదు, నేనెవరు, ఎన్నేళ్లుగా వాడుతున్నాను, 2024.1లో ఏం విరుగుతుంది, నేనేం చేయగలను, ఏం చేయలేను. అంతే. డిసెంబరు మధ్యలో జవాబొచ్చింది. ఆయన యూరప్‌లో ఉంటాడు. ఉద్యోగం మారి మ్యాక్‌కి వెళ్లిపోయాడు, దాంట్లోని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ వాడుతున్నాడు, రెండేళ్లుగా విండోస్ ముట్టలేదు. "దీన్ని ఇంకా ఎవరైనా వాడుతున్నారని నేననుకోలేదు" అన్నాడు. ఆ వాక్యాన్ని ఎన్‌వీడీఏ చేత మళ్లీ మళ్లీ చదివించుకున్నాను. నేను రోజుకి వందసార్లు నొక్కే కీ అది. ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పి రాయలేదు, నేనే కాదు, ఎవరమూ.

క్రిస్మస్ సెలవులయ్యాక రిపాజిటరీ, అంటే గిట్‌హబ్‌లో కోడంతా ఉండే చోటు, నా పేర మారుస్తానన్నాడు. ఈలోపు నాకు ఇంకో పని ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఉద్యోగం చేస్తున్నవాళ్లు మీ ఆఫర్ లెటర్ ఒకసారి తీసి చదవండి. నా దాంట్లో, కంపెనీ అనుమతి లేకుండా బయట ఏ సాఫ్ట్‌వేర్ పనీ చేయకూడదని స్పష్టంగా ఉంది. డిసెంబరు మొదటి వారంలోనే హెచ్‌ఆర్‌కి రాశాను. వాళ్లు ఒక ఫారం పంపారు. అందులో "ఈ పని ద్వారా వచ్చే ఆదాయం" అని ఒక గడి. సున్నా అని రాస్తే ఫారం తీసుకోలేదు. ఆ గడి ఒకటి కంటే తక్కువ అంకెని ఒప్పుకోదు. ఒక్క రూపాయి అని రాసి, పక్కన వివరణలో "ఫారం కోసం మాత్రమే" అని రాశాను. తర్వాత లీగల్ వాళ్ల నుంచి, ఆ తర్వాత సెక్యూరిటీ వాళ్ల నుంచి ప్రశ్నలు. ఆ రూపాయి ఎవరిస్తున్నారని ఒకాయన నిజంగానే అడిగాడు. సంక్రాంతికి ముందు అనుమతి వచ్చింది. నెల పైనే పట్టింది, కోడు రాయడానికి పట్టిన కాలం దానికంటే తక్కువ.

రిపాజిటరీ బదిలీలో ఒక చిన్న కిటుకు ఉంది. గిట్‌హబ్‌లో ఎవరైనా తమ రిపాజిటరీ మీ పేర రాస్తే మీకు ఒక మెయిల్ వస్తుంది, దాన్ని ఒక్కరోజులోపు ఒప్పుకోవాలి, లేదంటే చెల్లదు. ఆయన దాన్ని సరిగ్గా భోగినాడు పంపాడు. నేను కాకినాడ దగ్గర మా అమ్మావాళ్ల ఊళ్లో ఉన్నాను, సిగ్నల్ డాబా మీద ఒక మూల తప్ప రాదు. కనుమ అయ్యాక హైదరాబాదు వచ్చి చూసుకుంటే గడువు దాటిపోయింది. మళ్లీ అడిగితే, పాపం ఆయన విసుక్కోలేదు గానీ ఇంకో వారం గడిచింది. కాబట్టి ఎప్పుడు పంపుతారో రోజు ముందే మాట్లాడుకోండి.

గిట్‌హబ్‌లో కోడు పెట్టేవాళ్లకు రెండంచెల లాగిన్ 2023 చివరికి తప్పనిసరి అయింది. అక్కడ క్యూఆర్ కోడ్ ఫోనుతో స్కాన్ చేయమంటుంది. మన చేతిలో ఫోను ఎటు తిరిగిందో, కోడు తెరమీద ఎక్కడుందో తెలియక తిప్పలు పడక్కర్లేదు, దాని కిందే సెటప్ కీ అని లింకు ఉంటుంది, నొక్కితే అక్షరాల్లో ఇస్తుంది. రికవరీ కోడ్లు బ్రెయిల్‌లో కొట్టి బీరువాలో పెట్టాను.

జనవరి చివర్లో అసలు పని మొదలైంది. నేననుకున్నది, యాడ్‌ఆన్ వివరాలుండే మానిఫెస్ట్ ఫైల్లో "చివరిగా పరీక్షించిన వెర్షన్" అన్నచోట 2024.1 అని మారిస్తే సగం పని అయిపోతుందని. మార్చి చూస్తే ఎన్‌వీడీఏ లోడు చేసింది, వెంటనే ఎర్రర్ శబ్దం కొట్టింది. ఎన్‌వీడీఏ కీతో ఎఫ్1 నొక్కి లాగ్ చదివితే విషయం తెలిసింది: యాడ్‌ఆన్ లోపల పైథాన్ 3.7 కోసం కంపైల్ చేసిన, అంటే మనం చదివి మార్చలేని మిషన్ రూపంలో ఉన్న, ఒక ముక్క ఉంది. అది 3.11లో లోడవదు. దాని సోర్సు పాతాయన దగ్గర కూడా లేదు, అప్పట్లో ఏదో పాత ల్యాప్‌టాప్‌లో ఉండేదట.

ఆ ముక్క చేసే పని, ఏ లైను నిజంగా కొత్త లైనో, ఏది పై లైనుకి కొనసాగింపో తేల్చడం. బ్రాకెట్లలో విరిగిన లైన్లు, మూడేసి కోట్‌ల మధ్య రాసిన పొడుగాటి వివరణలు ఉంటే ఖాళీలు లెక్కపెట్టి లాభం లేదు. దాని బదులు పైథాన్‌తో పాటు వచ్చే, కోడుని చిన్న ముక్కలుగా (టోకెన్లుగా) విడగొట్టే టోకెనైజ్ మాడ్యూల్ వాడదామనుకున్నాను. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎన్‌వీడీఏ లోపలుండే పైథాన్‌లో స్టాండర్డ్ లైబ్రరీ (మామూలుగా పైథాన్‌తో వచ్చే మాడ్యూళ్లు) మొత్తం ఉండదు, దానికి కావలసినవే ఉంటాయి. మన కంప్యూటర్లో విడిగా పెట్టుకున్న పైథాన్‌లో బ్రహ్మాండంగా నడిచిన కోడు, ఎన్‌వీడీఏలోకి వెళ్లేసరికి "ఆ మాడ్యూల్ లేదు" అంటుంది. ముందుగా ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, జెడ్ నొక్కితే వచ్చే పైథాన్ కన్సోల్‌లో ఇంపోర్ట్ చేసి చూసుకోండి. టోకెనైజ్ ఉంది, బతికిపోయాను. ఇంకో చిక్కు: మనం రాస్తూ ఉన్న కోడులో బ్రాకెట్ ఇంకా మూయలేదనుకోండి, టోకెనైజ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఎడిటర్లో కోడు ఎప్పుడూ సగమే రాసి ఉంటుంది కదా. అందుకని ఎర్రర్ వచ్చేదాకా దొరికిన టోకెన్లను ఉంచుకుని, ఆ కింద మాత్రం ఉత్త ఖాళీలు లెక్కపెట్టేలా రాశాను. ఈ భాగం రాసినప్పుడు సంతోషంగా ఉండింది. మొత్తం వ్యవహారంలో నాకు ఇష్టమైన వారం అదే.

ఇప్పుడు భయం గురించి చెప్పాలి. మామూలు ప్రోగ్రాం విరిగితే తెరమీద ఏదో వస్తుంది, స్క్రీన్ రీడర్ చదువుతుంది. ఇక్కడ విరిగేది స్క్రీన్ రీడరే. ఫిబ్రవరి మొదట్లో ఒక రాత్రి వేల లైన్ల ఫైలు ఒకటి తెరిచి కీ కొట్టాను. మాట ఆగిపోయింది. బీప్ లేదు, ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు పెరిగింది, అంతే. కంట్రోల్, ఆల్ట్, ఎన్ కొడితే ఎన్‌వీడీఏ మళ్లీ మొదలవ్వాలి, అవలేదు. విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కొడితే విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నారేటర్ రావాలి, అదీ పలకలేదు. మా ఆయన నైట్ షిఫ్ట్. పక్క గదిలో అత్తయ్య మెలకువగానే ఉంటే పిలిచాను.

"అత్తయ్యా, తెరమీద ఏముందో చూస్తారా?"

"ఏదో నీలం చక్రం తిరుగుతోందమ్మా."

"ఇంకేమైనా రాసుందా?"

"ఇంగ్లీషులో ఉంది. పెద్దక్షరాలైతే చెబుదును గానీ, చీమల్లా ఉన్నాయి."

ఆవిడ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు, చక్రం ఆగేదాకా. ఆగాక "ఆగిందమ్మా" అన్నారు. అప్పుడు వచ్చింది నారేటర్, ఆలస్యంగా, గట్టిగా.

దాని తర్వాత ఈ పనికి వేరే మిషన్ ఉండాలని తేల్చుకున్నాను. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ పద్నాలుగు వేలకు తెచ్చాను. డెస్క్‌టాప్ కీబోర్డు లేఅవుట్ పరీక్షించడానికి యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఆరు వందలు. ఈ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ ఆగిపోతే నా సొంతదాంట్లో రాసుకుంటూ ఉండొచ్చు. యాడ్‌ఆన్లేవీ లేకుండా ఎన్‌వీడీఏని మొదలుపెట్టే షార్ట్‌కట్ ఒకటి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాను, అన్ని ప్రయోగాల్లోకీ ఎక్కువ ఉపయోగపడింది అదే. ఎందుకు ఆగిపోయిందో మాత్రం ఎన్‌వీడీఏ సోర్సు చదివాకే దొరికింది: కీ నొక్కినప్పుడు నడిచే కోడు, మాట పలికించే కోడు ఒకే వరసలో నడుస్తాయి. నాది ఫైలంతా చదువుతూ కూర్చుంటే మాటకి వంతు రాదు. కొంచెం కొంచెంగా చదివేలా మార్చాను. ఎన్‌వీడీఏని 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్, ఆయనతో కలిసి నిలబెట్టిన జేమ్స్ టె ఇద్దరూ చూపు లేనివాళ్లే. వాళ్లు దాన్ని చాలావరకు పైథాన్‌లో రాసి, సోర్సు అందరికీ తెరిచి పెట్టకపోతే హైదరాబాదులో కూర్చుని నేను ఆ సంగతి కనిపెట్టగలిగేదాన్ని కాదు.

ఇంకోటి. వీఎస్ కోడ్ పెద్ద ఫైలు మొత్తాన్ని స్క్రీన్ రీడర్‌కి ఇవ్వదు, కర్సర్ చుట్టుపక్కల కొంత భాగమే ఇస్తుంది. వేగం కోసం ఆ ఏర్పాటు. దాంతో బ్లాకు చివర ఆ భాగం బయట ఉంటే యాడ్‌ఆన్ "తర్వాతి లైను లేదు" అని చెప్పేది. అది అబద్ధం. లేకపోవడం వేరు, మనకి అందకపోవడం వేరు. ఇప్పుడు ఆ రెండింటికీ వేరే వేరే శబ్దాలు పెట్టాను. దూకడం ఇంకా కుదరడం లేదు గానీ, కనీసం ఎందుకు కుదరలేదో తెలుస్తుంది.

పరీక్షించడానికి మనుషులు కావాలి. తెలిసినవాళ్ల ద్వారా గుంటూరులో బీటెక్ రెండో ఏడు చదివే కుర్రాడు దొరికాడు. ఫోను స్పీకర్లో పెట్టి, వాడి ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ పలికేది నాకు వినిపిస్తూ పరీక్షించేవాడు. వాడు పెట్టుకున్న వేగం నాకే అందలేదు.

"కొంచెం తగ్గించరా, ఏం చెప్పిందో ఒక్క ముక్క అర్థం కాలేదు."

"తగ్గిస్తే నాకు నిద్రొస్తదక్కా. ఒకటి చెప్పనా? పన్నెండు స్పేసులు అని చెబుతోంది కదా, అది నాకెందుకు? మూడో లెవల్ అంటే చాలదూ?"

చాలు. ఇన్నేళ్లుగా మనసులో పన్నెండుని నాలుగుతో భాగించుకుంటూ ఉన్నాను నేను. ఆ మార్పు పెట్టాను, ఇష్టం లేనివాళ్లకి ఆపుకునే వీలుతో. వాడి ల్యాప్‌టాప్‌లో ఇన్సర్ట్ కీ సరిగ్గా లేదు, క్యాప్స్ లాక్‌నే ఎన్‌వీడీఏ కీగా వాడతాడు. దానివల్ల ఒక షార్ట్‌కట్ ఇంకోదానితో తగులుకుంటోందని బయటపడింది. నా కీబోర్డు మీద ఎన్నేళ్లు పరీక్షించినా అది దొరికేది కాదు.

బ్రెయిల్ కోసం ఎల్బీనగర్‌లో ఉండే స్నేహితురాలి బ్రెయిల్ డిస్‌ప్లే, ఆర్బిట్ రీడర్ 20, శని, ఆదివారాలకి అడిగి తెచ్చుకున్నాను. దాంట్లో ఇరవై సెల్సే, అంటే ఒకసారికి ఇరవై బ్రెయిల్ గుర్తులకే చోటు. లెవల్ గురించి మాటలతో చెబితే ఆ మాటలకే సెల్స్ అయిపోయి కోడుకి చోటు మిగలదు. ఒక్క గుర్తు, ఒక్క అంకె, తర్వాత కోడు అని సర్దాను. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చాను, తిరిగి ఇచ్చేదాకా మనసు మనసులో లేదు.

ఫిబ్రవరిలో 2024.1 బీటాలు (విడుదలకి ముందు పరీక్షకిచ్చే వెర్షన్లు) వచ్చాయి. స్టోర్‌లో పెట్టే పద్ధతి తేలికే. గిట్‌హబ్‌లో ఒక ఫారం నింపాలి: యాడ్‌ఆన్ ఫైలు లింకు, సోర్సు లింకు, ప్రచురించేవారి పేరు, ఏ చానెల్ (స్టేబుల్, బీటా, డెవ్), లైసెన్సు. తర్వాత అంతా ఆటోమేటిక్‌గా సరిచూస్తుంది. మొదటిసారి పెడుతున్నవాళ్లని మాత్రం ఎన్‌వీడీఏని తయారుచేసే ఎన్‌వీ యాక్సెస్ సంస్థ మనిషి ఒకరు చూసి ఒప్పుకోవాలి. నాది పాత యాడ్‌ఆన్ కొత్త చేతుల్లోకి రావడం కాబట్టి, పాతాయన సమ్మతి కూడా అక్కడే కనబడాలి అనుకున్నాను. ఆయనకి రాస్తే వచ్చి ఒక్క వాక్యం రాసి వెళ్లాడు. ఒప్పుకోలు రావడానికి పది రోజుల దాకా పట్టింది. ఆ తర్వాత ఆటోమేటిక్ పరీక్షలో ఒకసారి ఆగింది, ఎందుకంటే పాత వెర్షన్ నంబరు చివర అక్షరాలు తగిలించి ఉన్నాయి. అక్కడ అంకెలు, చుక్కలు మాత్రమే ఉండాలి. సరిచేసి పంపితే గంటలోపు బీటా చానెల్‌లో కనబడింది. రాత్రి పదకొండింటికి స్టోర్ తెరిచి, వెతికి, ప్రచురించినవారు అన్నచోట నా పేరు ఎన్‌వీడీఏ నోట విన్నాను. అత్తయ్యని లేపి చెప్పాను. "ఆ చక్రందేనా?" అన్నారు.

మార్చి చివరి వారంలో 2024.1 వచ్చింది. అదే వారం నేను స్టేబుల్ వెర్షన్ పెట్టాను. మెయిళ్లు మొదలయ్యాయి. బావుందన్నవాళ్లున్నారు, మనసు నిండింది, ఆ మాట దాచుకోను. ఇన్నాళ్లూ నిద్రపోతున్నారా అని తిట్టినవాళ్లూ ఉన్నారు. జావాస్క్రిప్ట్‌కి, సీ షార్ప్‌కి ఎప్పుడు తెస్తారు అని తేదీ అడిగినాయన ఒకడు, మూడు రోజుల తర్వాత "జవాబు లేదేం?" అన్నాడు. ఏప్రిల్ మొదటి సగం ఆఫీసు నుంచి వచ్చి అర్ధరాత్రి దాకా జవాబులు రాస్తూ కూర్చున్నాను. కోడు ఒక్క లైనూ రాయలేదు. మా ఆయన "ఆ రూపాయి తీసుకుంటున్నావు కాబట్టి తప్పదు మరి" అని నవ్వేవాడు. ఇప్పుడు శనివారం పొద్దున మాత్రమే చూస్తానని ముందు పేజీలోనే రాసి పెట్టాను. ఆశ్చర్యం ఏంటంటే, ఆ వాక్యం పెట్టాక తిట్లు తగ్గాయి. ఎప్పుడో తెలిస్తే జనం ఆగుతారు.

అడక్కుండా వచ్చిన సాయం అనువాదకులది. విడుదలైన వారానికి తుర్కిష్ అనువాదం వచ్చి పడింది, ఆ తర్వాత ఇంకొన్ని భాషలవి. వాళ్లెవరో నాకు తెలియదు, పైథాన్ రాసేవాళ్లు కూడా కాకపోవచ్చు. మనదాంట్లో ఉన్న మాటలన్నీ తమ భాషలోకి తెచ్చి, ఏమీ అడక్కుండా వెళ్లిపోతారు. తెలుగు నేనే చేశాను, ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతుతో మొత్తం వాడకం పేజీ వినిపించుకుని సరిదిద్దాను. గుంటూరు కుర్రాడు విని "ఇంగ్లీషుదే వింటానక్కా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. వాళ్ల కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయికి మాత్రం తెలుగుదే పంపాడట.

మే నెలలో ఆ కుర్రాడికి రిపాజిటరీలో మార్పులు చేర్చే హక్కు ఇచ్చాను. ఒక్క షరతు: వాడు చేసింది నేను చూడాలి, నేను చేసింది వాడు చూడాలి, అప్పుడే లోపలికి. వాడు నా కోడులో తప్పులు పట్టడంలో మొహమాటపడడు. నేను మానేసే రోజు వస్తే ఎవరూ రెండు చిరునామాలు వెతుక్కుంటూ యూరప్‌కి మెయిళ్లు రాయక్కర్లేదు.

2025.1 కోసం ఏం మారుతుందో చూడడం సెప్టెంబరు నుంచి మొదలుపెడతాం. ప్రస్తుతానికి ఆగి ఉన్నది ఒకటే: బ్రెయిల్ గుర్తు ఇరవై సెల్స్‌లో బాగానే ఉంది గానీ, నలభై సెల్స్ డిస్‌ప్లే మీద ఎలా ఉంటుందో చూడలేదు, మా ఇద్దరికీ అది లేదు. హైదరాబాదులో గానీ గుంటూరు, విజయవాడ వైపు గానీ ఎవరి దగ్గరైనా ఉంటే, ఒక శనివారం పొద్దున రెండు గంటలు చాలు. డిస్‌ప్లే మీ దగ్గరే ఉంచుకోండి, మేమే వస్తాం.